మచ్చిక

"గా సిల్క ముఖం సూసుకుంట కూసుంటే బీడీలు ఎవలు జేస్తరే?" అంది వెంకవ్వ, మంచం మీద నుంచి లేవకుండానే.

అత్త మాటకు నీలవ్వ పని ఆపలేదు. పంజరం అడుగు రేకును బయటికి లాగి, ఎండి అట్టకట్టిన రెట్టను కొబ్బరిపీచుతో గీకుతోంది. పొద్దున లేచి వాకిలి ఊడ్చి సాన్పి చల్లింది. బోరింగు దగ్గర వంతు కోసం నిలబడి నీళ్లు మోసుకొచ్చింది. రొట్టెలు చేసింది, అత్తకు కాళ్లకు నూనె రాసింది, బిడ్డకు తల దువ్వింది, మొగుడి తెల్ల అంగీకి నీలం పెట్టి ఆరేసింది. బీడీలు చుట్టే తునికాకు తడిపి గుడ్డలో చుట్టి పెట్టింది. వీటిలో ఒక్కటి కూడా అత్త కంటికి ఆనలేదు. పంజరం దగ్గర కూర్చోవడం మాత్రం ఆనింది. అదీ పనిలా కాదు, సోకులా ఆనింది. తానేమైనా తెమ్మని అడిగిందా ఈ చిలుకను? పుట్టింట్లో ఉన్నప్పుడు కూడా పిట్టల జోలికి పోయిన మనిషి కాదే. మరి ఈ రెట్ట గీకే పని ఎవరు చేస్తారని ఈ ముసలామె అనుకుంటోంది? ఒకరోజు గీకకుండా వదిలేస్తే, 'ఇల్లంత కంపు గొడ్తుంది, ఏం ఆడదానివే' అనేది కూడా ఈ నోరే కదా.

ఆమె మొగుడు గంగాదాస్ దుబాయి నుంచి వచ్చి అప్పటికి నెల దాటింది. రెండేళ్లకోసారి వచ్చే మనిషి. వచ్చిన వారానికే ఏదో పని మీద నిజామాబాద్ పోయి, సాయంత్రం చేతిలో పంజరంతో ఆర్మూరు బస్టాండులో దిగాడు. దుబాయిలో వాళ్ల సేటు ఇంట్లో ఒక చిలుక ఉందట. మనిషి కనిపిస్తే సలాం చెబుతుందట. తలుపు కొడితే ఎవరని అడుగుతుందట. "మనది గూడ నెల దిర్గకముందే మాట్లాడ్తది సూడుండ్రి" అని వాడకట్టంతా చెప్పుకొచ్చాడు. వాడకట్టంతా వచ్చి చూసింది కూడా. ఆ జనాన్ని చూసి చిలుక పంజరంలో ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టుకుంది. ఎగరకుండా అమ్మినవాడు రెక్కల ఈకలు కత్తిరించి పెట్టాడు. ఉన్న నాలుగు ఈకలు కూడా ఊచలకు తగిలి రాలిపోయాయి. ముక్కు దగ్గర నెత్తురు చెమ్మ కనిపించింది.

మరుసటి పొద్దున గంగాదాస్ గరిటె తీసుకుని ఊచల మీద టంగు టంగుమని కొట్టాడు. "సలాం అను. అనవే, సలాం." వెంకవ్వ మంచం మీద నుంచి, "గా తురుక మాటలు గాదురా, రామ రామ అనిపియ్" అంది. ఇద్దరూ పోటీపడి చాలాసేపు అరిచారు. చివరికి అతను తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి పట్టుకోబోయాడు. చిలుక అతని బొటనవేలు పట్టి కొరికింది. నవ్వినవాళ్లు నవ్వారు. అతను పంజరాన్ని ఒక్క తాపు తన్ని, వేలు నోట్లో పెట్టుకుని, నీలవ్వ వైపు తిరిగి అన్నాడు: "ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గద. నువ్వు జెయ్ దీన్ని మచ్చిక."

ఖాళీగా! ఆ మాట విన్నప్పుడు నీలవ్వ ఒళ్లో బీడీల చాట ఉంది. వేళ్లు ఆకు చుడుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రానికి కట్టలు కట్టి కార్ఖానాకు ఇవ్వాలి. అక్కడ కూర్చున్నవాడు వంకర అని, లావు అని, కొన్ని ఏరి పక్కన పారేస్తాడు. దుబాయి నుంచి డబ్బు అందని నెలల్లో ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది ఈ చాట మీదే. అయినా కూర్చుని చేసే పని కాబట్టి అది ఖాళీ. నిలబడి చేస్తే వంటపని, వంగి చేస్తే ఊడ్పుపని, అవి కూడా ఖాళీయే. మరి తాను నిండుగా ఎప్పుడుంటుందో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు ఆమె చేసిన మొదటి పని పంజరాన్ని దర్వాజా దగ్గరి మొల నుంచి దించడం. వచ్చేవాళ్లు పోయేవాళ్లు అక్కడ దానికి ఒక్క గడియ నిమ్మళం ఇవ్వడం లేదు. వెనక వసారాలో తాను బీడీలు చేసే మూలకు మార్చి, మూడు వైపులా పాత చీర ముక్క కప్పింది. ఎటునుంచి ఎవరొస్తారో అన్న భయం తప్పుతుంది, ఒక్క వైపు చూసుకుంటే చాలు. ఆ ఒక్క వైపున తాను కూర్చుంది. ఎదురుగా కాదు, పక్కకు తిరిగి. ఆకు కత్తిరించే కత్తెర చప్పుడుకు చిలుక మొదట్లో అదిరిపడేది. ఆమె కత్తెరను గబుక్కున ఎత్తడం మానేసింది. నిలబడి వంగి చూస్తే వణికిపోయేది. అందుకని కిందనే కూర్చుని, కూర్చునే జరిగేది. మక్కగింజలు, జామపండు ముక్క గిన్నెలో వేసి చెయ్యి తీసేసేది. తిన్నదా లేదా అని చూసేది కాదు. తాను కూడా పక్కనే కూర్చుని అటుకులు నమిలేది. తినేవాళ్లను చూస్తే దానికీ ఆకలి పుడుతుందేమో అని.

ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. తనకు ఏది జరిగి ఉంటే బాగుండేదో అది చేసింది, అంతే.

పెళ్లయి పుట్టిల్లు వేల్పూరు నుంచి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు ఇంకా గౌన్ల మీది ధ్యాస పోలేదు. బండి దిగిన మర్నాడే వెంకవ్వ ఆమె ముందు తునికాకు కుప్ప పోసి, "వస్తదా పని?" అంది. రాదు అంటే నవ్వారు. ఏడిస్తే, "ఏమైందని ఏడుస్తున్నవే, కొట్టినమా తిట్టినమా" అన్నారు. నిజమే, కొట్టలేదు. ఎవరూ ఆమెను కొట్టలేదు. కానీ కడుపునిండా తిన్నావా అని కూడా ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో ఏ చెంబు ఎక్కడుంటుందో తెలియకముందే అన్నీ తెలిసినట్టు ఉండమన్నారు. కొత్త మనిషికి భయముంటుందని, అది పోవడానికి కాస్త వ్యవధి పడుతుందని, ఆ ఇంట్లో ఒక్కరికి కూడా తోచలేదు.

మొగుడి సంగతీ అంతే. రెండేళ్లు ఫోటోలో ఉన్న మనిషి పెట్టె దించిన పూటనే దగ్గరికి లాక్కునేవాడు. సెంటు వాసన, కొత్త మీసం, మారిన గొంతు. ఆమె ఒళ్లు బిగుసుకుపోయేది. "దుబాయికి నేను బోయిన్నా, నువ్వు బోయినవా? పరాయిదాని లెక్క జేస్తున్నవ్" అనేవాడు. ఈసారి కూతురు గంగామణిని కూడా అట్లాగే చేశాడు. తాను పోయినప్పుడు పాలు తాగే పిల్ల. ఇప్పుడు మాటలన్నీ వచ్చాయి. "నాయిననే నేను, రా" అని రెక్క పట్టి గుంజి ముద్దు పెట్టుకుంటే పిల్ల కెవ్వుమని నీలవ్వ కొంగు చాటుకు పరుగెత్తింది. అతనికి నామోషీ అయింది. "నువ్వే నేర్పినవ్ దీనికి" అన్నాడు. ఏం నేర్పింది? రెండేళ్లు కనపడని మనిషిని గుర్తుపట్టొద్దని నేర్పిందా? ఆమె పిల్ల కళ్లు తుడిచి చంకనెత్తుకుంది.

చిలుక మెల్లగా దారికి వచ్చింది. ఒకరోజు ఆమె ఉండగానే గింజ కొరికింది. ఇంకోరోజు ఒక కాలు పొట్ట ఈకల్లోకి ముడుచుకుని, ఒంటికాలి మీద నిలబడి, ముక్కును గరగరా నూరుకుంటూ కునుకు తీసింది. భయమున్న ప్రాణి ఎవరి ఎదుటా కళ్లు మూయదు. అది చూసి నీలవ్వ చేతిలోని బీడీని మెల్లగా చాటలో పెట్టింది. కదిలితే లేస్తుందని, అత్త నీళ్లకోసం పిలుస్తున్నా కదలలేదు. "చెవుల్ల సీసం వోసుకున్నవా?" అని వెంకవ్వ అరిచింది. అరవనీ అనుకుంది నీలవ్వ.

తర్వాత ఊచల మధ్య నుంచి వేలితో గింజ అందించింది. చిలుక మెడ సాగదీసి, లాక్కుని, వెనక్కి పోయి తింది. కొన్ని రోజులకు లాక్కోవడం మానేసి తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, తెరిచిన తలుపు దగ్గర ఆమె అరచెయ్యి చాచి, ఎటో చూస్తూ కూర్చుని ఉంటే, చల్లటి గోళ్లు మణికట్టు మీద ఆనాయి. బరువే లేదు. చిలుక ఆమె గాజును ఒకసారి కొరికి చూసి, బాగాలేదనుకుందో ఏమో, భుజం వరకు నడిచి వెళ్లి జుట్టులో ముక్కు పెట్టింది.

ఎవరికీ చెప్పలేదు నీలవ్వ. ఈ ఇంట్లో ఏది చెప్పినా అది తనది కాకుండా పోతుంది.

దాస్తే దాగే సంగతా అది. గంగాదాస్ చూశాడు. మొదట ఆశ్చర్యపోయాడు, ఆ తర్వాత నొచ్చుకున్నాడు. "గింత ఓపిక నా మీద ఎన్నడన్న జూపినవా?" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ మాటను తిరగేసి అతని చేతిలో పెట్టాలనిపించింది. అంతలో, "ఇగ ఎన్నొద్దులు బతిలాడ్తవ్? మాట నేర్పియ్" అన్నాడు. చిలుక మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. దానికి చెప్పాలని ఉన్నప్పుడు చెబుతుంది, తొందరేముంది అనుకుంది నీలవ్వ.

వీసా ఏజెంటు హన్మండ్లు ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. గంగాదాస్ పాత కంపెనీ మూతబడింది. కొత్త వీసా ఇతని ద్వారా రావాలి. కుర్చీ వేశారు, కూల్‌డ్రింకు తెప్పించారు. వసారాలో బీడీలు చేస్తున్న నీలవ్వ భుజం మీద చిలుకను చూసి అతను, "అరె, మస్తు మచ్చికైంది గదా!" అన్నాడు.

"అవునన్నా. శాన కష్టపడ్డ దీని మీద" అన్నాడు గంగాదాస్.

నీలవ్వ చేతిలో ఆకు చిరిగింది.

"మా ఇంటిదానికి సిల్కలంటే పానం" అన్నాడు హన్మండ్లు.

"గట్లనా? అయితే తీస్కపో అన్నా. నీకంటె ఎక్కువనా" అని గంగాదాస్ లేచి వచ్చి, చిలుకను పంజరంలో పెట్టమన్నట్టు నీలవ్వకు చేత్తో సైగ చేశాడు. అడగలేదు, కనీసం నోరు విప్పి చెప్పలేదు. సైగ. ఆమె భుజం దగ్గర చెయ్యి పెడితే చిలుక నమ్మి ఎక్కింది. దాన్ని తానే లోపల పెట్టి తానే తలుపు మూసింది. ఆ నమ్మకాన్ని అట్లా వాడుకున్నందుకు మొగుడి మీద కంటే తన మీదే ఎక్కువ మండుకొచ్చింది ఆమెకు. పంజరాన్ని స్కూటర్ ముందు పెట్టుకుని హన్మండ్లు వెళ్లిపోయాడు. చిలుక అరుపు సందు మలుపు దాకా వినిపించింది. "ఛాయ్ వెట్టు, నెత్తి నొస్తుంది" అన్నాడు గంగాదాస్.



కొద్దిరోజుల తర్వాత హన్మండ్లు దగ్గరి నుంచి కబురు వచ్చింది. చిలుక తిండి ముట్టడం లేదు, ఈకలు పీక్కుంటోంది, ఆయన భార్యను కొరికింది. గంగాదాస్ ఆ కబురు మోసుకొచ్చి, పెద్ద ఉపాయం దొరికినట్టు చెప్పాడు: "నువ్వు రోజు పొద్దుగాల పెర్కిట్ పోయి, గాళ్లింట్ల జరసేపు కూసుండి, గామెకు మచ్చిక జేసి రా. నేను మాటిచ్చిన."

"రోజా?" అంది నీలవ్వ.

"ఏమైతది? ఖాళీగనే ఉంటవ్ గద."

వెంకవ్వ మంచం మీద నుంచి, "బీడీలెట్ల మరి?" అంది. "అచ్చినంక జేస్తది తియ్" అన్నాడు కొడుకు. ఆమె పని గురించి వాళ్లిద్దరూ అట్లా తేల్చుకున్నారు.

నీలవ్వ వెళ్లింది. పసుపు సీజను జోరుగా ఉంది. మార్కెట్ ముందు లారీలు అడ్డంగా నిలిచి, హమాలీలు బస్తాలు ఎత్తుతుంటే గాలి నిండా పచ్చటి దుమ్ము. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచింది. దారి పొడవునా ఒకటే విసుగు. ఆ మహాతల్లికి చిలుకలంటే ప్రాణమట! ప్రాణమున్నవాళ్లు కూర్చుని చూసుకోవచ్చు కదా. తాను మొగుడు తెచ్చిన చిలుకను సాకింది, మొగుడు ఇచ్చేస్తే పోగొట్టుకుంది. ఇప్పుడు పరాయి ఇంటికి పోయి, ఆమె సంబరానికి కూడా తానే కూలి లేకుండా పనిచేయాలా?

తలుపు తీసిన హన్మండ్లు భార్య శంకరమ్మ చేతికి గుడ్డ కట్టు ఉంది. చంకలో పిల్లాడు, లోపల గదిలో మంచం పట్టిన అత్త మూలుగు, పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన. పంజరం నడింట్లో, మోగుతున్న టేప్‌రికార్డర్ పక్కనే పెట్టి ఉంది. చిలుక ఛాతీ మీద గులాబీ రంగు తోలు కనిపిస్తోంది. నీలవ్వను చూసి అది అరవలేదు. ఊచలకు ఒదిగి, ఒక్క కన్నుతో చూసింది.

"నువ్వేనా గంగాదాస్ ఇంటిదానివి? రా చెల్లె, కూసో" అని శంకరమ్మ పాట ఆపింది. "మా ఆయన జెప్పిండు, రోజొస్తవట గదా."

"నీకు సిల్కలంటే పానమని పంపిన్రక్కా."

శంకరమ్మ పిల్లాడిని ఇంకో చంకకు మార్చుకుంది. "ఎవలు జెప్పిన్రు నీకు?"

"మీ ఆయననే అన్నడు మా ఇంట్ల."

"ఓ నా కర్మ! లగ్గమైన కొత్తల జాత్రల ఎవని చేతిలనో సిల్క ఉంటే మంచిగుందన్న. గంతే. అగో, గది వట్టుకున్నడు ఇన్నేండ్లకు." ఆమె పిల్లాడిని కింద దించి చేతి కట్టు చూపించింది. "అత్తకు ఎత్తాలె, పోయాలె. పోరలకు ముగ్గురికి జేయాలె. అచ్చేటోళ్లకు పోయేటోళ్లకు ఛాయ్ వెట్టాలె. గిప్పుడు గీ సిల్క రెట్ట గూడ నేనే ఎత్తాలె. నాకు సంబురమని తెచ్చిండట, ఇంటె నవ్వాల్నా ఏడ్వాల్నా నువ్వే జెప్పు."

నీలవ్వకు ముందుగా నవ్వొచ్చింది. దారి పొడవునా తిట్టుకున్న మనిషి ఈమేనా! అది చూసి శంకరమ్మకూ నవ్వొచ్చింది. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, లోపల ముసలామె వినకుండా, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వారు. నవ్వు ఆగాక నీలవ్వ పంజరం పక్కన కింద కూర్చుని తలుపు తీసింది. చాలాసేపు ఏమీ జరగలేదు. శంకరమ్మ పొయ్యి దగ్గరికి పోయి వచ్చింది, అత్తకు నీళ్లు తాపి వచ్చింది. అప్పటికి చిలుక నీలవ్వ చేతిమీదికి ఎక్కి, ఆమె ముంజేతికి ముక్కు ఆనించి కూర్చుని ఉంది.

"నీదే గద ఇది" అంది శంకరమ్మ మెల్లగా.

ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

"తీస్కపోత అక్కా" అంది నీలవ్వ. అడిగినట్టు కాదు, చెప్పినట్టు. అనుకోకుండానే అన్నది కానీ, అన్నాక వెనక్కి తీసుకోలేదు.

"తీస్కపో. మా ఆయనకు నేను జెప్పుకుంట. నాకు సంబురం జేయాలంటె జర అవ్వకు ఒక పూట నువ్వే అన్నం తినిపియ్యయ్యా అంట." చిలుక తిన్నా తినకున్నా నాలుగు మక్కగింజలు కాగితంలో కట్టి ఇచ్చింది శంకరమ్మ.

పంజరం పట్టుకుని నీలవ్వ మళ్లీ అదే మార్కెట్ దారిన నడిచింది. పంజరం మీద తన కొంగు కప్పింది. దుమ్ముకు ముక్కు మండుతున్నా పట్టించుకోలేదు. వీసా పోతే? ఈ చిలుక వల్లే పోయిందని జన్మంతా అంటారు. అననీ. వీసా వచ్చినా ఏదో ఒకటి అంటూనే ఉన్నారు కదా.

గంగాదాస్ వాకిట్లోనే ఉన్నాడు. పంజరం చూసి అతని ముఖం మారిపోయింది. "ఎందుకు తెచ్చినవ్? పాగల్‌గిట్ల అయినవా? గాయన గుస్సయితే నా వీసా ఏంగావాలె?"

"ఆమెకు ఒద్దట. నాకు గావాలె."

"నీకు గావాల్నా? దెచ్చింది నేను. ఇటియ్, నేనే ఇచ్చొస్త" అని అతను పంజరం మీద చెయ్యి వేయబోయాడు. లోపల చిలుక ఊచలకు కొట్టుకుంది. నీలవ్వ అతని చేతికీ పంజరానికీ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టకు."

గట్టిగా అనలేదు. అయినా వెంకవ్వ మంచం మీద లేచి కూర్చుంది. కొంగు పట్టుకుని నిలబడిన గంగామణి తల్లి ముఖంలోకి చూసింది. పెళ్లయినప్పటి నుంచి ఆ మాట ఆమె నోట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆమె కూడా వినలేదు. గంగాదాస్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొడతాడేమో అనుకుంది. కొట్టలేదు. ఏం చేయాలో తెలియక తల్లి వైపు చూశాడు.

వెంకవ్వ వేళ్ల మీద ఏదో లెక్క వేసింది. "ఉండనియ్‌రా" అంది చివరికి. "గా సిల్క పక్కన ఉంటే దీని చెయ్యి జల్దీ ఆడ్తది. గది వోయిన కాడి నుంచి బీడీలు సగమే అయితున్నయ్." ఆమె లెక్క ఆమెది. నీలవ్వకు ఆ లెక్క మీద కూడా విసుగు వచ్చింది. కానీ పంజరం తీసుకెళ్లి వసారా మూలలో తన జాగాలో పెట్టేసింది.

గంగాదాస్ స్కూటర్ అడిగి తెచ్చుకుని పెర్కిట్ పోయాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చాడు. నీలవ్వ చాట పక్కన పెట్టి లేచే సమయానికి వసారా గడప మీద కూలబడ్డాడు.

"హన్మండ్లన్న గుస్స గాలె" అన్నాడు. "పీడ వోయిందన్నడు. గాయన ఇంటిది మస్తు లొల్లి వెట్టిందట. అవ్వకు అన్నం తినిపిచ్చుకుంట కూసున్నడు నేను వోయేసరికి. వీసా కాయిదాలు అచ్చినప్పుడు అస్తయన్నడు."

నీలవ్వ ఊకొట్టింది. రాలిన ఆకు ముక్కలు ఊడుస్తోంది. చిలుక ఒంటికాలి మీద నిలబడి ముక్కు నూరుకుంటోంది. అతను దాని వైపు తిరిగాడు. కొంచెం ముందుకు జరిగాడు. అది కాలు దించి, ఈకలు ఒంటికి అదుముకుని, వెనక్కి వెనక్కి పోయింది. అతను ఆగిపోయాడు.

"కొనుక్కొచ్చింది నేను" అన్నాడు. "అంగూర్ పండ్లు దెచ్చి వెడ్తి. గిన్ని జేసినా నన్ను జూస్తే ఎందుకు గట్ల అదుర్తదే?"

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. ఇన్నేళ్లకూ తెలియలేదా అని నీలవ్వకు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారేదాకా చీపురు కదిలించింది. తర్వాత చీపురు మూలకు పెట్టి, చేతులు దులుపుకుంది.

"అడుగకుంట ముడ్తవ్ గద" అంది.

గంగాదాస్ చిలుక వైపు చూశాడు. అర్థమైనట్టు తలాడించబోయి, నీలవ్వ వైపు తిరిగాడు. ఆమె చిలుకను చూడటం లేదు. అర్రలో అతని మంచం మీద నుంచి తన పక్కబట్టలు తెచ్చి, గంగామణి చాప పక్కన పరుస్తోంది.